లియో అంకుల్ మూడోసారి వచ్చినప్పుడు

అమ్మ ఈ చలికాలంలో పోయింది. దినాలన్నీ మెల్‌బోర్న్ శివార్లలో, క్రాన్‌బర్న్‌లోని మా ఇంట్లోనే, గరాజ్‌లో చాపలు పరిచి, పురోహితుడి వీలును బట్టి శని ఆదివారాల్లోకి సర్దుకుని జరిపించాం. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయి, ఫ్రిజ్‌లో ఇతరులు తెచ్చిపెట్టిన డబ్బాలన్నీ ఖాళీ అయి, ఇల్లు మళ్ళీ మామూలు ఇల్లయ్యాక, వసంతం గాలులు మొదలైన రోజుల్లో మిరియం ఫోన్ చేసింది. మిరియం నా చిన్ననాటి స్నేహితురాలు. వాళ్ళు యూదులు. ఏటా యోమ్ కిప్పూర్ ముందు, అంటే వాళ్ళు పొద్దు గుంకి మళ్ళీ పొద్దు గుంకేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఉపవాసముండి, చేసిన తప్పులు తలుచుకుని ప్రార్థన చేసుకునే పండుగకి ముందు, నాకు ఫోన్ చేస్తుంది. "ఈ ఏడాదిలో తెలిసిగాని తెలియకగాని నిన్ను నొప్పించి ఉంటే మన్నించు" అంటుంది. మన్నించానని నేనంటాను. ఆ తర్వాత మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి మాత్రం ఇంకో మాట కలిపింది. "ఎల్లుండి మా ప్రార్థన మందిరానికి, అదే, సినగాగ్‌కి రా. పోయిన తల్లిదండ్రుల్ని తలుచుకునే ప్రార్థన ఒకటుంటుంది. మీ అమ్మ ఒకసారి అక్కడ కూర్చుంది. నువ్వూ వచ్చి కూర్చో."

నేను వెళతానంటే మా అమ్మాయి సుమ ముఖం ముడుచుకుంది. "అమ్మా, ఆర్ యూ షూర్? న్యూస్‌లో సినగాగ్‌ల మీద దాడులు చూస్తున్నావు కదా. ఈ టైమ్‌లో అక్కడికే వెళ్ళాలా? మిరియం ఆంటీ ఇంటికి ఇంకోరోజు వెళ్ళొచ్చుగా, ఎనీ అదర్ డే" అంది. దాని భయం నాకు తెలియనిది కాదు. అయినా వెళ్ళాను. సినగాగ్ ముందు ఎత్తైన ఇనుప గేటు, గేటు దగ్గర చెవుల్లో వైర్లు పెట్టుకున్న గార్డులు, వీధి మొగలో పోలీసు కారు. నా పేరు మిరియం ముందే చెప్పి ఉంచింది. అయినా ఒక గార్డు అమ్మాయి, మర్యాదగానే, ఎవరి తరఫున వచ్చారని అడిగి, సంచీ తెరిపించి, మందుల డబ్బా మూత కూడా తీసి చూసింది. తెల్లబట్టలు కట్టుకున్న ముసలివాళ్ళు, తోలు చెప్పులు వేసుకోకూడదు కనుక గుడ్డ బూట్లతో, ఆ వరసలో ఓపిగ్గా నిలబడి ఉన్నారు. మిరియం మనవరాలు పన్నెండేళ్ళ పిల్ల. వాళ్ళింటి నుంచి మాతో నడిచి వస్తున్నంతసేపూ మెడలోని ఆరు కోణాల యూదుల నక్షత్రం లాకెట్టు చొక్కా లోపలే ఉంచి, గేటు దాటాక బయటకి తీసుకుంది. ఎవరూ దాన్ని వింతగా చూడలేదు. ఇదే గుమ్మంలోంచి మా అమ్మ కంచిపట్టు చీర కట్టుకుని, జడలో ప్లాస్టిక్ మల్లెలు పెట్టుకుని, తిన్నగా లోపలికి నడిచి వెళ్ళింది. ఎవరమ్మా నువ్వని అడిగినవాళ్ళు లేరు.

నాన్న డాక్టరు. నాకు తొమ్మిదో ఏట మేము తెనాలి నుంచి మెల్‌బోర్న్ వచ్చాం. కాల్‌ఫీల్డ్‌లో ఎర్ర ఇటుకల ఫ్లాట్లలో పై అంతస్తులో అద్దెకి దిగాం. మెట్లెక్కి వస్తే వసారాలాంటి చిన్న జాగా, దానికి అటొక తలుపు, ఇటొక తలుపు. ఇటు మేము, అటు శామ్యూల్ అంకుల్, రూత్ ఆంటీ, వాళ్ళమ్మాయి మిరియం. వాళ్ళ పేర్లు వినగానే అమ్మకి ప్రాణం లేచొచ్చింది. తెనాలిలో ఆమెకి కుట్లూ అల్లికలూ నేర్పిన టీచరు పేరు రూతమ్మ. "మనవైపు వాళ్ళలాగే క్రైస్తవులే పాపం" అని నిశ్చయించేసుకుని, డిసెంబరులో వాళ్ళు చెట్టు పెట్టలేదేమని చాలాకాలం ఆశ్చర్యపోయింది. యూదులు వేరని నాన్న చెప్పాక కూడా "పేర్లన్నీ అవేగా" అని సణిగింది. ఆ ఊళ్ళో తెలుగు మాట వినాలంటే కారెక్కి గంటసేపు పోవాల్సిన రోజులవి. చింతపండు సింగపూర్ నుంచి ఎవరైనా తెస్తే ఉండేది. అమ్మ తిరగమోత పెడితే ఆ ఘాటుకి అటు తలుపు వెనక రూత్ ఆంటీ దగ్గేది. శుక్రవారం మధ్యాహ్నాలు వాళ్ళింట్లో కోడి ఉడికే వాసనకి అమ్మ మా వంటింటి కిటికీ మూసేది. ఇద్దరూ ఒకరినొకరు ఏమీ అనుకోలేదు. తలుపులు మాత్రం రెండూ పగలంతా తెరిచే ఉండేవి. మిరియం, నేను ఆ ఇంట్లోంచి ఈ ఇంట్లోకి చెప్పుల్లేకుండా తిరిగేవాళ్ళం.

ఇద్దరి మధ్యా భాష లేదు. ఉపవాసాలు ఉన్నాయి. అమ్మ ఏకాదశులు, కార్తీక సోమవారాలు, శివరాత్రి ఏదీ వదిలేది కాదు. తలంటుకుని, తడి జుట్టు కొసన ముడేసుకుని, పొయ్యి వైపు చూడకుండా తిరిగేది. మొదటి ఏడు రూత్ ఆంటీ తమ ఉపవాసం గురించి చెబితే అమ్మ నన్ను పక్కన పెట్టుకుని వివరాలు అడిగింది. "పండు తినొచ్చా అని అడుగు." తినకూడదట. "పాలు?" తాగకూడదట. "మంచినీళ్ళు?" అవీ లేవట. ఆ తర్వాత నుంచీ రూత్ ఆంటీ గురించి ఎవరి దగ్గరైనా చెప్పేటప్పుడు అమ్మ గొంతులో ఒక గౌరవం వచ్చేది. సొమ్మసిల్లకుండా వాసన చూడటానికి ఆడవాళ్ళు పండుకి లవంగాలు గుచ్చి సినగాగ్‌కి తీసుకెళతారని తెలిసి, మా డబ్బాలోంచి మంచి లవంగాలు ఏరి ఇచ్చింది.

ఆ ఏడే, ఉపవాసానికి ముందు సాయంత్రం శామ్యూల్ అంకుల్ మా తలుపు దగ్గరకొచ్చి టోపీ తీసి నిలబడ్డాడు. ఆయన దర్జీ. పొట్టిగా, భుజాలు కొంచెం వంగి ఉండేవాడు. తక్కువ మాట్లాడేవాడు. "డాక్టర్, మిసెస్ రావ్, ఈ ఏడాదిలో నావల్ల మీకేదైనా కష్టం కలిగి ఉంటే మన్నించండి" అన్నాడు. నాన్న కంగారుగా చెయ్యి కలిపాడు. అమ్మ లేచి, "అయ్యో, పెద్దవారు, మీరు మమ్మల్ని అడగడమేంటండీ" అని తెలుగులోనే అనేసింది. ఆయన నిదానంగా ఇంగ్లీషులో వివరించాడు. దేవుడికి చేసిన తప్పు దేవుడు మన్నిస్తాడు. మనిషికి చేసిన తప్పు ఆ మనిషే మన్నించాలి, అందులో దేవుడు కూడా జోక్యం చేసుకోడు. ఒకసారి అడిగితే కాదంటే రెండోసారి అడగాలి. మూడుసార్లు మనసారా అడిగినా కాదంటే ఇక ఆ తప్పు కాదన్నవాడి మీద ఉంటుంది. ఆయన అటు వెళ్ళాక అమ్మ తలుపు దగ్గరే నిలబడిపోయింది. "మనం దేవుడి ముందు లెంపలేసుకుంటాం, గుంజీళ్ళు తీస్తాం. మనిషి ముందు నిలబడి అడగడం ఎంత కష్టమో చూడండి" అంది నాన్నతో.

ఆ సాయంత్రమే మెట్ల మీద ఇంకొకాయన కనబడ్డాడు. పొడుగ్గా, నల్ల కోటు, టై. అటు తలుపు అప్పటికే మూసి ఉంది. తట్టాడు, ఆగాడు, మళ్ళీ తట్టాడు. తలుపు తియ్యలేదు. లోపల మనుషులున్నారని మాకు తెలుసు, ఆయనకీ తెలుసు. కాసేపు చూసి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మర్నాడు మిరియం చెప్పింది. ఆయన లియో. శామ్యూల్ అంకుల్ సొంత అన్న. రెండో ప్రపంచయుద్ధమయ్యాక ఇద్దరూ ఒకే ఓడలో ఆస్ట్రేలియా వచ్చారట, వచ్చాక మాట్లాడుకోవడం మానేశారట. అన్న పెర్త్‌లో ఉండిపోయాడు. గుండెజబ్బు వచ్చి, ఒంటరివాడు కావడంతో ఈ మధ్యనే మెల్‌బోర్న్ చేరాడు. ఎందుకు మానేశారో మిరియంకి తెలియదు. ఇంట్లో ఆ మాట ఎత్తకూడదు.

రెండో ఏడూ ఆయన వచ్చాడు. అప్పుడూ తలుపు తెరుచుకోలేదు. అంతకు ముందే మా ఇంటికీ, కింది ఫ్లాటులోని గ్రీకు వాళ్ళింటికీ వెళ్ళి టోపీ తీసి మన్నించమని అడిగి వచ్చిన మనిషి తన తోబుట్టువుకి తలుపు తియ్యకపోవడం అమ్మకి మింగుడుపడలేదు. "పరాయివాళ్ళ దగ్గర వంగినంత తేలిగ్గా అయినవాళ్ళ దగ్గర వంగలేం" అని నాన్న అన్నాడు. అమ్మ జవాబు చెప్పకుండా గిన్నెలు గట్టిగా తోమింది.

మూడో ఏడు ఆయన వచ్చేసరికి బాగా చిక్కిపోయి ఉన్నాడు. మెట్లెక్కి, రెయిలింగు పట్టుకుని ఊపిరి కోసం ఆగాడు. నాన్న ఆస్పత్రి డ్యూటీలో ఉన్నాడు. అమ్మ మా భోజనాల బల్ల దగ్గరి కుర్చీ ఒకటి ఎత్తుకెళ్ళి ఆయన వెనక వేసింది. ఆయన కూర్చోలేదు. తలుపు తట్టాడు. లోపల రూత్ ఆంటీ ఏడుపు గొంతుతో ఏదో అంటోంది, వాళ్ళ భాషలో. మిరియం మా ఇంట్లోనే నా పక్కన గోడకి ఆనుకుని నిలబడి గోళ్ళు కొరుక్కుంటోంది. ఎంతసేపటికీ తలుపు కదల్లేదు. ఆయన వెళ్ళడానికి తిరిగాడు. అప్పుడు అమ్మ చీర కొంగు నడుములో దోపుకుని వెళ్ళి, తన చేత్తో ఆ తలుపు తట్టింది. "శామ్యూల్ గారూ, నేనండీ, తలుపు తియ్యండి" అంది. ఆ తెలుగు ఆయనకేం తెలుస్తుంది? గొంతు తెలిసింది. తలుపు తెరిచాడు.

అన్న ముఖం వైపు చూడలేదు. అమ్మతోనే మాట్లాడాడు, ఇంగ్లీషులో, ఒక్కొక్క మాటా విడదీసి. అమ్మ నా వైపు చూసింది. నేను వెళ్ళి మధ్యలో నిలబడి తెలుగులో చెప్పాను.

"వాళ్ళకో చెల్లెలు ఉండేదట. స్టేషన్‌లో జనంలో ఈ లియో అంకుల్ ఆ పాప చెయ్యీ, శామ్యూల్ అంకుల్ చెయ్యీ పట్టుకున్నాడట. యూదుల్ని పట్టుకుపోయే సోల్జర్లు వస్తుంటే కంచె దూకాలంట. ఆ పాప చెయ్యి వదిలేశాడట."

ఈ మాటలు చెప్పేటప్పుడు నాకు వాటి బరువు తెలియదు. అప్పగించిన పాఠంలా గబగబా చెప్పేశాను.

"ఇతను నన్ను మన్నించమంటున్నాడు, మిసెస్ రావ్" అన్నాడు శామ్యూల్ అంకుల్. "వదిలింది నా చెయ్యి కాదు. మన్నించాల్సింది నేను కాదు. చచ్చిపోయినవాళ్ళని అడగాలంటే పదిమందిని తీసుకుని సమాధి దగ్గరికెళ్ళాలి. దానికి సమాధి కూడా లేదు. దాని బదులు మన్నించే హక్కు నాకెవరిచ్చారు? మీరే చెప్పండి."

అదీ చెప్పాను. అమ్మ చాలాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నాకు ఇప్పటికీ ఆమె ఏదో ఒక నీతి చెబుతుందనే అనుకున్నట్టు గుర్తు. అమ్మ దగ్గర సామెతలకి కొదవ లేదు. కానీ ఆమె అడిగింది ఒకటే. "ఆ పిల్ల పేరేంటో అడుగు."

నేను అడిగాను. శామ్యూల్ అంకుల్ పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. వెనక నుంచి లియో అంకుల్ అన్నాడు, "మాల్కా." మళ్ళీ తనే, "ఆరేళ్ళు. నాకు తప్ప, వీడికి తప్ప ఆ పేరు ఇంకెవరికీ తెలియదమ్మా. అందుకే వస్తున్నాను. మన్నించకపోతే పోనీ." అప్పటిదాకా తనకి ఒక మేనత్త ఉండేదని మిరియంకి తెలియదు. శామ్యూల్ అంకుల్ తలుపు చప్పుడు కాకుండా మూశాడు. లియో అంకుల్ ఒక్కొక్క మెట్టూ దిగి వెళ్ళాడు. అమ్మ ఖాళీ కుర్చీ లోపలికి తెచ్చి, దాని మీదే కూర్చుని, "నేను తగుదునమ్మా అని మధ్యలో దూరానేమో" అంది. ఆ రాత్రి అన్నం తినలేదు.

మర్నాడు రూత్ ఆంటీ అమ్మని సినగాగ్‌కి రమ్మంది. ఎందుకు రమ్మందో నాకు సరిగా తెలియదు. తన పక్కన ఎవరో ఒకరు ఉండాలని కాబోలు. ఆడవాళ్ళు మేడ మీద కూర్చుంటారు. కొయ్య కటకటాల్లోంచి కింద మగవాళ్ళ తెల్ల శాలువలు కనిపిస్తాయి. ఉపవాసపు నోళ్ళ వాసన, కొవ్వొత్తుల మైనం వాసన, మా లవంగాల వాసన కలిసి ఉక్కగా ఉంది. పోయినవాళ్ళ ప్రార్థన రాగానే తల్లిదండ్రులు బతికి ఉన్నవాళ్ళందరూ బయటికి వెళ్ళిపోవాలి, అది ఆచారం. మిరియం నేనూ మిగతా పిల్లలతో బయటికి పరిగెత్తాం. అమ్మా లేవబోయింది. ఆమెకి తల్లీ తండ్రీ ఇద్దరూ లేరని రూత్ ఆంటీకి తెలుసు. చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. కాబట్టి ఆ తర్వాత జరిగింది నేను చూడలేదు, అమ్మ చెబితే విన్నాను. లియో అంకుల్ ఎక్కడో వెనక వరసలో గోడ పక్కన నిలబడి ఉన్నాడట. శామ్యూల్ అంకుల్ తన చోటులోంచి లేచి, వరసలన్నీ దాటుకుని వెనక్కి నడిచి, అన్న పక్కన నిలబడ్డాడట. పలకరించలేదు, చెయ్యి పట్టుకోలేదు. ఎవరికి వాళ్ళు తమ వాళ్ళ పేర్లు గొణుక్కుంటున్న ఆ హోరులో ఇద్దరి నోళ్ళూ ఒకేసారి ఒకే మాటకి కదిలాయట. ప్రార్థన అయ్యాక శామ్యూల్ అంకుల్ వెనక్కి తిరిగి తన చోటికి వచ్చేశాడట. సాయంత్రం కొమ్ము ఊది ఉపవాసం ముగిసినప్పుడు అన్నదమ్ములు వేర్వేరు దారుల్లో ఇళ్ళకి వెళ్ళడం నేను కూడా చూశాను.

ఆ వేసవిలోనే లియో అంకుల్ పోయాడు. ఫ్లాటులో ఒక్కడే ఉన్నప్పుడు పోయాడు, పాలు తీసుకోలేదని పక్కవాళ్ళు చూశారు. శామ్యూల్ అంకుల్ వాళ్ళ ఆచారం ప్రకారం అద్దాల మీద గుడ్డలు కప్పి, చొక్కా అంచు చించుకుని, నేల బారు బల్ల మీద వారం రోజులు కూర్చున్నాడు. మన మడిలాంటి నియమాలు వాళ్ళకీ ఉన్నాయి కనుక అమ్మ వాళ్ళింటి వంటసామాను ముట్టకుండా, రోజూ పళ్ళు కోసి గాజు గిన్నెలో పెట్టి ఇచ్చి వచ్చేది. ఆ తర్వాతి ఏడు ఆయన ఉపవాసానికి ముందు మా ఇంటికి మన్నించమని అడగడానికి రాలేదు. బదులుగా నాన్నని కారు తియ్యమని అడిగాడు. ఆ రోజు తను నడపలేనన్నాడు. పదిమంది మగవాళ్ళు వేరే కార్లలో వచ్చారు. స్ప్రింగ్‌వేల్ శ్మశానంలో అన్న సమాధి ముందు ఆ పదిమందీ వింటుండగా శామ్యూల్ అంకుల్ ఏదో చదివాడు. నాన్న దూరంగా చెట్టు కింద నిలబడ్డాడు.

మిరియం ఇంట్లో మొన్న ఉపవాసం విడిచాక వంటింట్లో ఈ మాటలన్నీ వచ్చాయి. హాలులో ఆమె కొడుకులూ కోడళ్ళూ పిల్లల్ని స్కూల్లో దించడానికి కొత్తగా వచ్చిన నియమాల గురించి, ఇజ్రాయెల్ వెళ్ళిపోదామా అనే మాట గురించి, వెళితే అక్కడ మాత్రం ఏముందనే మాట గురించి గొంతులు తగ్గించి వాదించుకుంటున్నారు. మా చిన్నప్పుడు శామ్యూల్ అంకుల్ ఇంట్లో ఉన్న భయం గడిచిపోయిన రోజులది. పెద్దవాళ్ళు దాన్ని తలుపు వెనక దాచి, వసారాలో మమ్మల్ని ఆడుకోనిచ్చారు. ఈ పిల్లలకి అది రేపటిది. దాన్ని దాచడానికి వీల్లేక పిల్లలకే మెలకువలు నేర్పుతున్నారు. పన్నెండేళ్ళ పిల్లకి లాకెట్టు ఎక్కడ దాచాలో, ఎక్కడ తియ్యాలో తెలియడం నాకు అన్యాయంగా తోచింది. అప్పుడు అన్నీ బాగుండేవని అనను. స్కూల్లో నన్ను ఏమని పిలిచేవారో నాకు గుర్తుంది. కానీ తప్పు చేసినవాడు ఎవడో ముఖం తెలిసేది. మెట్లెక్కి వచ్చి, రెయిలింగు పట్టుకుని, తలుపు తట్టేవాడు. ఇప్పుడు సినగాగ్ గోడ మీద యూదుల్ని బెదిరిస్తూ రాత్రికి రాత్రి బొమ్మ గీసిపోయినవాడు ఎవడో, ఏ ఇంటి మెట్లెక్కి మన్నించమంటాడో నాకు తెలియదు.

"నాన్న పెదనాన్నని మన్నించలేదు. అది ఒక్కటే నాకు దిగులు" అంది మిరియం, చేపల పళ్ళెం మీద మూత పెడుతూ. "శ్మశానానికి వెళ్ళింది మన్నించానని చెప్పడానికే అనుకుంటాను. చెప్పాడో లేదో."

ఆమెకి తెలుసనే నేను ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చాను. తెలియదని అప్పుడే అర్థమైంది. తిరుగు దారిలో కారులో శామ్యూల్ అంకుల్ ఏమన్నాడో నాన్న ఆ రోజే అమ్మతో చెబుతుంటే విన్నాను. అది చెప్పాను.

"మీ నాన్న అక్కడికి మన్నించడానికి వెళ్ళలేదు మిరియం, అడగడానికి వెళ్ళాడు. 'డాక్టర్, మా అన్నకి ఉన్నవి రెండు చేతులు. కంచె మీదకి నన్ను ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి. మాల్కా చెయ్యి వదిలింది నాకోసం. వాడి ముఖం చూస్తే నాకు అదే కనిపించేది. అందుకే చూడలేకపోయాను. ఆ సంగతి వాడికి ఒక్కసారి కూడా చెప్పలేదు. ఇవాళ చెప్పి, మన్నించమన్నాను' అన్నాడట."

మిరియం కుర్చీ లాక్కుని కూర్చుంది. హాలులో వాదన ఆగినట్టుంది, పిల్లలెవరో నవ్వుతున్నారు.

"మీ నాన్నగారు ఏమన్నారు?" అంది.

"కారు నడుపుతూ ఉన్నాడట."

"అయితే మా నాన్న అడగాల్సింది అడిగాడు."

"అడిగాడు."

"జవాబు రాలేదు."

"రాలేదు."

"వచ్చే చోటు కాదు కదా అది" అంది మిరియం. కళ్ళు తుడుచుకుని, నా కప్పు దగ్గరికి లాక్కుని టీ పోసింది.